గాయానికి ముందే కాపలా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

పిల్లలూ, బదిలీ మీద రాయ్‌పూర్‌కు కొత్తగా వచ్చిన కుటుంబాలకు కూడా నవా రాయ్‌పూర్‌లో ఉన్న శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పేరు తొందరగానే చెవిన పడుతుంది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న పిల్లలకు అక్కడ డబ్బు తీసుకోకుండా ఆపరేషన్లు చేస్తారు. మన భన్‌పురి ఈ చివర, ఆ ఆసుపత్రి ఆ చివర. దూర దూరాల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని అక్కడికి వస్తారు.

గుండెకు ఆపరేషన్ చేయాలంటే డాక్టర్లు చాలాసార్లు రొమ్ము మధ్యలో ఉండే ఎముకను నిలువునా కోసి తెరుస్తారు. లోపలి పని పూర్తయ్యాక ఆ ఎముకను సన్నని ఉక్కు తీగలతో బిగించి కట్టి, పైన చర్మానికి కుట్లు వేస్తారు. ఆ కుట్లు చక్కగా మానిపోతే బిడ్డ నవ్వుతూ ఇంటికి వెళ్తుంది. అలా కాక కోతలోకి సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. ఆ చీము ఎముక దాటి గుండె చుట్టూ ఉన్న చోటికి దిగితే ప్రాణానికే ముప్పు. గుండెను బాగుచేసిన ఆపరేషన్ గాయం దగ్గర ఓడిపోతుందన్నమాట.

అందుకే డాక్టర్లు ఒక జాగ్రత్త తీసుకుంటారు. కత్తి చర్మాన్ని తాకకముందే, సాధారణంగా గంటలోపు, రోగి నరంలోకి యాంటీబయాటిక్ మందు ఎక్కిస్తారు. అప్పటికి గాయమే లేదు, చీమూ లేదు. అయినా మందు ముందే వెళ్లి కూర్చుంటుంది. దొంగ వచ్చాక కాపలావాణ్ని వెతుక్కోవడం కాదు, చీకటి పడకముందే కాపలా పెట్టుకోవడం అది.

ఇలాంటి కాపలా మందుల చరిత్రలో ఒక తెలుగువాడి పేరు ఉంది. ఆయన ఏనాడూ కత్తి పట్టి గుండె ఆపరేషన్ చేయలేదు. కానీ సమయానికి మందు లేకపోతే ఇంట్లో ఏమవుతుందో ఆయన తన ఇంట్లోనే చూశాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

గోదావరి ఒడ్డున చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రి ఆరోగ్యం కూడా అంతంత మాత్రమే.

ఈ పిల్లవాడికి మొదట్లో చదువు మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. అక్కడికి వచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బాగా డబ్బు సంపాదించవచ్చని అతని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి వెంకమ్మ పట్టుదల గల మనిషి. భర్త పోయాక నగలు అమ్మి మరీ కొడుకును చదివించింది. అయినా మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి, హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కాడు. ఏటేటా బడి మారి, పుస్తకాలు మారి, ఒక సబ్జెక్టులో వెనకబడి బెంగపడే మన పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రపంచానికి ఇన్ని మందులు ఇచ్చిన మనిషి పదో తరగతి లాంటి పరీక్షను మూడో ప్రయత్నంలో దాటాడు.

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు అతని మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠం పెద్దలు కూడా వైద్యం చదివి జనానికి సేవ చేయమనే దారి చూపించారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. డబ్బు చాలనప్పుడు స్నేహితులు సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి చదువుకు అండగా నిలిచారు. తరువాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నాడు.

అవి గాంధీగారు విదేశీ వస్త్రాలు మానమని పిలుపు ఇచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలో వేసుకునే బట్టలు కూడా ఖద్దరువే కుట్టించుకున్నాడు. సర్జరీ చెప్పే తెల్లదొర ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ కాకుండా, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించినా ఉద్యోగం రాలేదు.

రోజుల తేడాలో ఇద్దరు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం పట్టా కాదు, ఇంట్లో జరిగిన చావులు. అప్పట్లో ఉష్ణదేశాల్లో స్ప్రూ అనే జబ్బు ఉండేది. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. ఆ జబ్బుతో సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇంట్లో వైద్యం చదివినవాడు ఉన్నాడు. చేతిలో పెట్టడానికి మందు మాత్రం లేదు.

తరువాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. మద్రాసులో పేరుపొందిన ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన వైద్యంతో ఆయన బతికాడు. ఆ ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా చేరాడు. జబ్బును నయం చేసే గుణం మందులో ఎక్కడ ఉంది, దాన్ని విడదీసి పట్టుకోవడం ఎలా అన్న ప్రశ్న ఆయన్ని అక్కడే పట్టుకుంది. దానికి జవాబు వెతకాలంటే పెద్ద ప్రయోగశాల కావాలి. అందుకు విదేశం వెళ్లాలి.

వెళ్లడానికి డబ్బు లేదు. మామగారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. 1920ల మొదటి ఏళ్లలో సుబ్బారావు ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. త్వరలో వస్తానని భార్యకు చెప్పి వెళ్లినవాడు మళ్లీ తిరిగి రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన కళ్లారా చూడనే లేదు. ఉద్యోగం కోసం ఇంటికి దూరంగా ఉండే నాన్నల సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ దూరానికి ఖరీదు వెళ్లినవాళ్లే కాదు, ఇంట్లో ఉన్నవాళ్లు కూడా కడతారు. సుబ్బారావు గొప్పతనం చెప్పుకునేటప్పుడు శేషగిరిగారి ఎదురుచూపును మరిచిపోకూడదు.

ఆసుపత్రిలో రాత్రి పని

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమాకు చేరాడు కానీ, తిండికి, గది అద్దెకు సంపాదించుకోవాలి. అందుకని బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట పనివాడిగా కుదిరాడు. రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తి కడగడం లాంటి పనులు చేశాడు. డాక్టర్ చదువు చదివినవాడు ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు.

ఆ ఆసుపత్రికి గుండె ఆపరేషన్ల చరిత్రలో ఒక చోటు ఉంది. 1923 మే నెలలో అక్కడే ఎలియట్ కట్లర్ అనే సర్జన్ పన్నెండేళ్ల అమ్మాయికి గుండె కవాటం మీద ఆపరేషన్ చేశాడు. కీళ్లవాతం వల్ల ఆమె కవాటం ఇరుకైపోయింది. ఆ అమ్మాయి నాలుగేళ్లకు పైగా బతికింది. కానీ తరువాత అదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చాలావరకు చనిపోయారు. దాంతో డాక్టర్లు ఆ పని మానుకున్నారు. మళ్లీ ధైర్యం చేయడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. కత్తి పట్టే నేర్పు ఒక్కటే చాలదు కదా. మత్తు ఇచ్చే పద్ధతి, రక్తం ఎక్కించే పద్ధతి, గాయం చెడకుండా కాపాడే మందు, అన్నీ కలిసి రావాలి.

పగలు సుబ్బారావు ప్రయోగశాలలో ఉండేవాడు. సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తూ, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని తయారుచేశాడు. 1925లో వెలువడిన ఆ పద్ధతిని నేటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లోని భాస్వరం రహస్యం విప్పడం మొదలుపెట్టారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరంలో గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో ఏ.టి.పి.ని కనుక్కున్నాడు. మీ జీవశాస్త్రం పుస్తకంలో ఏ.టి.పి. అనే మూడు అక్షరాలు చూస్తారు కదా, ప్రతి కణమూ ఖర్చు పెట్టే శక్తి నాణెం అదే. నిద్రలోనూ ఆగకుండా కొట్టుకునే మన గుండె ఆ నాణెంతోనే నడుస్తుంది.

1930లో ఆయనకు హార్వర్డ్ పిహెచ్.డి. వచ్చింది. అయినా అక్కడ శాశ్వతమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాడు. అది మందులు తయారుచేసే సంస్థ. కొంతకాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి ఆయన అధిపతి అయ్యాడు. బోస్టన్‌లో ఒంటరిగా ప్రశ్నలు వేసుకున్నవాడి చేతి కింద ఇప్పుడు ఎందరో రసాయన శాస్త్రవేత్తలు, వైద్యులు, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు ఉన్నారు.

మట్టిలో బంగారు రంగు

అప్పటికి పెన్సిలిన్ వచ్చింది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండన్‌లో బూజు నుంచి దాన్ని గుర్తించాడు. 1940 తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ దాన్ని మందుగా మలిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు అది ప్రాణం పోసింది. ఇంగ్లండ్‌లో డ్వైట్ హార్కెన్ అనే అమెరికా సర్జన్ సైనికుల గుండెలోనూ గుండె పక్కనా ఇరుక్కున్న ఇనుప ముక్కలను తీశాడు. అలాంటి 134 ముక్కలు తీసినా ఒక్క సైనికుడు కూడా చనిపోలేదు. గుండెను తాకితే మనిషి బతకడన్న భయం ఆ యుద్ధంలోనే సడలింది.

కానీ పెన్సిలిన్ అన్ని సూక్ష్మజీవుల మీదా పనిచేయదు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ మరికొన్నింటి మీద పనిచేసేది. రెండు రకాల మీదా పనిచేస్తూ, నోటితో మింగగలిగే మందు ఒకటి కావాలి. గాయంలో ఏ సూక్ష్మజీవి దూరిందో తేలేలోపే ప్రాణం పోయే పరిస్థితుల్లో అలాంటి మందు ఎంత అవసరమో ఆలోచించండి.

సుబ్బారావు సంస్థ ఆ వెతుకులాటకు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను తీసుకుంది. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయన్ని పదవీ విరమణ చేయించింది. పెద్దవాడైపోయాడని ఒకచోట పక్కన పెట్టిన మనిషికి ఇంకోచోట పని దొరికింది. డగ్గర్ చాలా చోట్ల నుంచి మట్టి తెప్పించాడు. పిడికెడు మట్టిలో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. ఒకదాన్నొకటి తరిమి బతకడానికి అవి తయారుచేసుకునే రసాయనాల్లోనే మనకు కావలసిన మందు దొరకవచ్చు. ఒక్కొక్క మట్టినీ పెంచి చూడాలి, దాదాపు అన్నింటినీ పారేయాలి. ఓపిక కావలసిన పని అది.

1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి సాన్‌బార్న్ ప్రయోగ పొలం నుంచి వచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి కనిపించింది. అది బంగారు పసుపు రంగులో పెరిగింది. చుట్టూ ఉన్న రకరకాల బ్యాక్టీరియాను పెరగనివ్వలేదు. పశువుల మేతకు గడ్డి పెంచే మామూలు మడిలోని మట్టి అది. లాటిన్ భాషలో బంగారాన్ని గుర్తుకు తెచ్చేలా ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. దాన్నే క్లోర్‌టెట్రాసైక్లిన్ అంటారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది పెద్దబిడ్డ. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు.

దీన్ని డగ్గర్ కనుక్కున్నాడా, సుబ్బారావు కనుక్కున్నాడా అని అడిగితే, మట్టిలోంచి తీసినవాడు డగ్గర్ అనే చెప్పాలి. అలాంటి మనుషులను ఒకచోట చేర్చి, పని అప్పగించి, దొరికినదాన్ని మందు అయ్యేదాకా నడిపించింది సుబ్బారావు నాయకత్వం. తన పేరు ముందు పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు.

ఆయన బృందం ఇచ్చినవి ఇంకా ఉన్నాయి. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో దొరికింది. తన సోదరులను చంపిన స్ప్రూ జబ్బుకు పనికివచ్చే మందు అదే. పాతికేళ్లు ఆలస్యంగానైనా ఆయన ఆ మందు దగ్గరికి చేరాడు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే రసాయనాలను కూడా ఆయన బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ వాటిని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొంతకాలంపాటైనా జబ్బును వెనక్కి నెట్టగలిగాడు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. గోదావరి జిల్లాల్లో ఎందరినో బాధించిన బోదకాలు జబ్బుకు 1947లో డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి జబ్బు కనిపించనివారికి కూడా పంచే మాత్రల్లో అది ఉంటుంది. ఇదీ ముందస్తు కాపలాయే.

1948 వేసవి

1948 వేసవిని వైద్య చరిత్ర చదివేవాళ్లు మరిచిపోరు. జూన్ 10న ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ అనే సర్జన్ ఇరుకైన గుండె కవాటాన్ని వెడల్పు చేసి ఒక యువతిని బతికించాడు. అంతకుముందు ఆయన చేతిలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చనిపోయారు. కొద్ది రోజులకే బోస్టన్‌లో హార్కెన్ కూడా అలాంటి ఆపరేషన్ చేసి గెలిచాడు. కట్లర్ తరువాత ఆగిపోయిన దారి మళ్లీ తెరుచుకుంది. అదే వేసవిలో ఆరియోమైసిన్ సంగతి లోకానికి తెలిసింది.

అదే వేసవిలో, ఆగస్టులో, సుబ్బారావు వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఆయనకు అప్పటికి 53 ఏళ్లు. గుండె కండరం దేనితో నడుస్తుందో చెప్పిన మనిషి గుండె జబ్బుతోనే పోయాడు. ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా ఆయన తీసుకోలేదు. అక్కడ పాతికేళ్లు ఉన్నా భారతీయుడిగానే పోయాడు.

ముందు అంటే ఎంత ముందు?

యాంటీబయాటిక్‌లు వచ్చిన కొత్తలో డాక్టర్లు వాటిని ఆపరేషన్ అయ్యాక రోజుల తరబడి ఇచ్చేవారు. అయినా కొన్ని గాయాలు చీము పట్టేవి. 1961లో జాన్ బర్క్ అనే అమెరికా సర్జన్ గినీ పందుల మీద చేసిన ప్రయోగాలతో దీనికి జవాబు చెప్పాడు. చర్మంలోకి బ్యాక్టీరియా చేరేటప్పటికే మందు అక్కడ ఉంటే వాపు బాగా తగ్గింది. మూడు గంటలు ఆలస్యమైతే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అయింది. గాయం గెలుపోటములు మొదటి కొద్ది గంటల్లోనే తేలిపోతాయని దీంతో అర్థమైంది.

నేటి పద్ధతి దాని మీదే నిలబడింది. మందు కోతకు ముందు గంటలోపు పడాలి. మరీ ముందు ఇస్తే కత్తి పడేసరికి రక్తంలో బలం తగ్గిపోతుంది. ఆలస్యంగా ఇస్తే సూక్ష్మజీవులు ముందే స్థిరపడతాయి. గుండె ఆపరేషన్ గంటల తరబడి సాగితే మధ్యలో ఇంకో మోతాదు ఇస్తారు. అయిపోయాక ఒకటి రెండు రోజుల్లో ఆపేస్తారు. ఎక్కువ రోజులు ఇస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు.

మందు ఒక్కటే కాపలా కాదు. డాక్టర్లు, నర్సులు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. రొమ్ము మీది వెంట్రుకలను బ్లేడుతో గీయకుండా మెషీన్‌తో కత్తిరించాలి, ఎందుకంటే బ్లేడు చేసే కనపడని గీతల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. మధుమేహం ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర అదుపులో ఉండాలి. ముక్కులో కాపురముండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాను కూడా కొన్నిసార్లు ముందే తొలగిస్తారు.

ఈ పనికి ఇప్పుడు ఎక్కువగా వాడేది సుబ్బారావు బృందం మందు కాదు. సెఫజోలిన్ లాంటి సెఫలోస్పోరిన్ మందులు వాడతారు. వాటి పుట్టుక కూడా అలాంటిదే. ఇటలీలోని సార్డీనియా దీవిలో జుసెప్పే బ్రోట్జు అనే వైద్యుడు 1945లో, మురుగునీరు సముద్రంలో కలిసే చోట ఒక బూజును పట్టుకున్నాడు. ఒకే ఏడాది, ఒకచోట గడ్డి మడి, ఇంకోచోట మురుగు కాలువ. మనం కాలితో తొక్కి దాటిపోయే చోట్ల నుంచే మన ప్రాణాలు నిలిపే మందులు వచ్చాయి.

టెట్రాసైక్లిన్ కుటుంబం మాత్రం ఇంకా మన మధ్యే ఉంది. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం పుట్టినప్పుడు, జబ్బు రాకముందే కాచుకోవడానికి జనం మింగినవి టెట్రాసైక్లిన్ మాత్రలే. అయితే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ మందులు ఇవ్వడానికి డాక్టర్లు సాధారణంగా ఇష్టపడరు. పెరిగే పళ్లకు శాశ్వతంగా పసుపు మరక పడుతుంది.

కాపలా నిద్రపోతే

ఇప్పుడు అసలు భయం చెప్పాలి. సూక్ష్మజీవులు కూడా నేర్చుకుంటాయి. ఒక మందును అవసరం లేకుండా వాడిన ప్రతిసారీ బలహీనమైనవి చచ్చి, మొండివి మిగిలి పిల్లల్ని పెడతాయి. కోళ్ల మేతలో ఆరియోమైసిన్ కలిపితే కోళ్లు తొందరగా పెరుగుతాయని తెలిశాక, జబ్బు లేని కోళ్లకు కూడా చాలా దేశాల్లో దాన్ని పెట్టారు. జలుబుకు, వైరస్ జ్వరానికి ఏ పనికీ రాని యాంటీబయాటిక్‌లను మనుషులు దుకాణంలో అడిగి కొనుక్కుని మింగారు. దాంతో టెట్రాసైక్లిన్‌కు లొంగని బ్యాక్టీరియా ఎన్నో పుట్టుకొచ్చాయి.

ఇక్కడ భన్‌పురిలో మన ఇంట్లో జలుబుకు మింగిన మాత్రకూ, నవా రాయ్‌పూర్‌లో బల్ల మీద పడుకున్న చంటిబిడ్డకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఉంది. కోతకు ముందు గంటలో ఎక్కించే ఆ మందుకు లొంగని సూక్ష్మజీవి ఆ బిడ్డ చర్మం మీదికి వచ్చిందంటే, అది ఎక్కడో ఎవరి ఒంట్లోనో ఇలాగే మొండిదై ఉంటుంది. కాపలావాడు గుమ్మంలో ఉన్నా దొంగ అతన్ని లెక్కచేయకుండా లోపలికి నడిచిపోతాడు.

బదిలీ ఉద్యోగుల ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు ఉంది. ఊరు మారినప్పుడల్లా డాక్టర్ మారతాడు. పాత ఊళ్లో ఇచ్చిన చీటీ సామాన్ల మూటల్లో పోతుంది, సగం మిగిలిన మాత్రల పట్టీ మాత్రం పెట్టెలో కలిసి కొత్త ఊరికి వస్తుంది. కొత్త చోట జ్వరం రాగానే చేయి దాని మీదికే పోతుంది. నాలుగు రాష్ట్రాలు తిరిగిన దానిగా నాకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకని మూడు పనులు చేయండి. డాక్టర్ చీటీలు ఒక ఫైల్‌లో దాచి, అది చేతి సంచిలో పెట్టుకోండి. పడని మందు పేరు ఉంటే పెద్ద అక్షరాలతో ఫైల్ మీదే రాయండి. పాత యాంటీబయాటిక్ మాత్రలు మీ అంతట మీరు మింగకండి, తమ్ముడికీ చెల్లికీ ఇవ్వకండి. ఆటస్థలంలో మోకాలు దోక్కుపోతే ముందు కావలసింది సబ్బు, శుభ్రమైన నీళ్లు. గాయం లోతుగా ఉన్నా, ఎర్రబడి వేడిగా వాచినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. చాలాకాలం మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఆయన పేరు కనిపించేది కాదు. ఆయన చనిపోయాక ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో, నూరేళ్ల జయంతికి, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. గౌరవాలుగా చెప్పుకోవడానికి ఇవి చిన్నవే. కానీ ఆయన బతుకంతా వెతికింది ఒక్కటే: మనిషి పడిపోయే వేళకు మందు అక్కడ ఉండాలి. సోదరుల పక్కన నిలబడిన రోజు అది లేదు. ఆయన పోయేనాటికి స్ప్రూకు, బోదకాలుకు, ఎన్నో రకాల చీముగాయాలకు అది ఉంది. అది రేపు కూడా పనిచేయాలంటే దాన్ని జాగ్రత్తగా వాడడం మన వంతు.